చేతికో కుర్చీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో అందరూ అంటారు. అనేవాళ్ళకు ఒక్క వారం ఏడో తరగతి లెక్కలు అప్పజెప్పి చూడాలి. అప్పుడు వాళ్ళ కోపం ఎక్కడుంటుందో, అసలు ముక్కు మిగులుతుందో లేదో తెలుస్తుంది. నేను ఇరవై రెండేళ్ళుగా అదే గదిలో, అదే నల్లబోర్డు ముందు నిలబడి ఆ పని చేస్తున్నాను. ముక్కు ఇంకా ఉంది.

నా క్లాసులో ఒక పద్ధతి ఉంది. ప్రతిరోజూ బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఎక్కడో ఒకచోట కావాలని ఒక తప్పు వేస్తాను. మొహంలో మాత్రం ఏమీ తెలియనివ్వను. ఆ తప్పు పట్టుకున్నవాళ్ళు రెండు చేతులతో బల్ల గుద్ది "దొరికింది!" అని అరవాలి. తర్వాత బోర్డు దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి సుద్దముక్క లాక్కుని, తప్పు చెరిపి ఒప్పు రాయాలి. బహుమతి అంటూ వేరే ఏమీ లేదు. టీచరు చేతిలోంచి సుద్దముక్క లాక్కోవడమే బహుమతి. పక్క గదిలో పాఠం చెప్పే సైన్సు మాస్టారు ఈ గుద్దుళ్ళు భరించలేక నెలకోసారి పెద్దమేడమ్ దగ్గర మొర పెట్టుకుంటాడు. పెట్టుకోనీ. తప్పు పట్టుకోవడానికైనా నా పిల్లలు బోర్డు వంక చూస్తారు. ఆయన పిల్లలు కిటికీ వంక చూస్తారు.

వినీ వినీ, వెనక్కి తిరగకుండానే ఎవరు గుద్దారో చెప్పేస్తాను. క్లాసు లీడరు గుద్దితే పోలీసులు తలుపు కొట్టినట్టుంటుంది. కవలలు ఒకరి తర్వాత ఒకరు గుద్దుతారు, ఆ రెండోవాడికి తప్పేమిటో ఎప్పుడూ తెలియదు. ఒక్క చప్పుడు మాత్రం ఏడాది మొత్తం వినలేదు. చివరి బెంచీలో గోడకు ఆనుకుని కూర్చునే పిల్లది. అందరూ దాన్ని 'గోడ' అనే పిలుస్తారు. గోడ ఎంత మాట్లాడుతుందో అదీ అంతే మాట్లాడుతుంది.

కానీ దానికి లెక్కలు రావంటే నేను ఒప్పుకోను. నేను తప్పు వేసిన మరుక్షణం దాని రెండు చేతులూ బల్ల మీంచి అంగుళం పైకి లేస్తాయి. అక్కడే ఆగిపోతాయి. ఈలోగా ఇంకెవరో గుద్దేస్తారు, దాని చేతులు మళ్ళీ మెల్లగా కిందికి దిగిపోతాయి. పరీక్షలోనూ ఇదే తంతు. ఒప్పు రాస్తుంది, భయపడి కొట్టేస్తుంది, పక్కనే తప్పు రాసి పెడుతుంది. శుక్రవారం పెద్ద పరీక్ష. ఆలోగా ఆ పిల్ల ఒక్కసారి, ఒకే ఒక్కసారి బల్ల గుద్దితే గట్టెక్కేస్తుందని నా నమ్మకం. బుధవారం మధ్యాహ్నం నా ఆఖరి క్లాసు. సరిగ్గా ఆ బుధవారమే మా బడికి హీరో వచ్చాడు.

సోమవారం పెద్దమేడమ్ స్టాఫ్ రూములోకి వచ్చి ఆ సంగతి చెప్పింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. సినిమాలో హీరో లెక్కల మాస్టారట. పగలు పాఠాలు చెబుతాడట, సాయంత్రం రౌడీలను తంతాడట. పాఠం చెప్పే సీను మా బడిలో, ఏడో తరగతి గదిలో, ఆ పిల్లలతోనే తీస్తారట.

"నా గదా? బుధవారమా?" అన్నాను.

"మీ గదిలో వెలుతురు బాగుందన్నారమ్మా."

"శుక్రవారం పరీక్ష పెట్టుకుని మేడమ్?"

"ఒక్కరోజే కదా. ఆయన మన బడికి రావడమంటే మాటలా? పరీక్షలదేముంది, ఏటా వస్తాయి."

నాకు ఒళ్ళు మండింది. పైకి ఏదో అనబోయాను కానీ అప్పటికే స్టాఫ్ రూములో సగం మంది జుట్టు సవరించుకుంటున్నారు.

మధ్యాహ్నానికి డైరెక్టరు దిగాడు. దిగీదిగగానే చేతులకు పోటీ పెట్టాడు. అవును, చేతులకే. హీరోగారు బోర్డు మీద రాస్తే కోడి కెలికినట్టుంటుందట, అందుకని రాయడానికి వేరే చెయ్యి కావాలట. టీచర్లందరం వరసగా వెళ్ళి బోర్డు మీద ఒక లైను రాయాలి. పీటీ మాస్టారు అదిమి రాసి సుద్దముక్క రెండు చేశాడు. డ్రాయింగు మాస్టారు ప్రతి అక్షరానికీ నీడ వేస్తూ కూర్చున్నాడు. సైన్సు మాస్టారు రాసింది ఏ మందుల షాపువాడికైనా చూపిస్తే మాత్రలు ఇచ్చి పంపేవాడు. నేను ఒద్దు మొర్రో అంటున్నా నాచేత కూడా రాయించారు. డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"చెయ్యంటే ఇదీ!" అన్నాడు.

"ఇది ఆడ చెయ్యి బాబూ."

"వెంట్రుకలు అతికిస్తాం మేడమ్, అదో పెద్ద పనా."

పద్ధతి ఏమిటంటే, హీరోగారు బోర్డుకు పక్కగా నిలబడతాడు, ఆయన వెనకాల నేను నల్లగుడ్డ కప్పుకుని నిలబడాలి. ఆయన అసలు కుడిచేతిని కోటు లోపల మడిచి కట్టేస్తారు. ఆ కోటు చేతిలోంచి నా చెయ్యి బయటికి వస్తుంది. ఆయన నోరు పాఠం చెబుతుంటే నా చెయ్యి రాస్తుంటుంది. మొత్తం ఒకే షాటు. బోర్డు నాకు కనబడదు కదా అంటే, "ఇరవై రెండేళ్ళ అనుభవం కదా మేడమ్, మీ చెయ్యికి కనబడుతుంది" అన్నాడు. ఆ మాటకు కాస్త మెత్తబడ్డానని ఒప్పుకుంటాను.

"భోజనం గంట కొట్టేలోపు నా గది నాకు ఇచ్చేయాలి. ఆ తర్వాతి రెండు పీరియడ్లూ నావి. అలాగైతేనే చెయ్యి" అన్నాను.

"భోజనం దాకా ఎందుకు మేడమ్, పదకొండింటికల్లా సర్దేస్తాం" అని నేను రాయాల్సిన కాగితం చేతిలో పెట్టాడు.

చూశాను. ఒక సంఖ్యను మూడుతో గుణించి ఏడు తీసేస్తే పదిహేడు వచ్చింది, ఆ సంఖ్య ఎంత అని ప్రశ్న. కింద జవాబు తొమ్మిది అని ఉంది.

"ఎనిమిది బాబూ" అన్నాను.

"తొమ్మిదే మేడమ్."

"ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు, ఏడు తీసేస్తే పదిహేడు. ఎనిమిది."

డైరెక్టరు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. హీరోగారికి అచ్చొచ్చిన అంకె తొమ్మిదట. కారు నంబరు, ఫోను నంబరు, ఇంటి నంబరు అన్నీ కూడితే తొమ్మిది రావాల్సిందేనట. దీనికోసమే ఒక అంకెల గురువును పెట్టుకున్నారట. ప్రతి సినిమాలో ఎక్కడో ఒకచోట తెర మీద తొమ్మిది పడకపోతే సినిమా పోతుందని ఆయన తేల్చి చెప్పాడట.

"అయితే ప్రశ్న మార్చండి. పదిహేడు తీసేసి ఇరవై పెట్టండి, తొమ్మిది వస్తుంది" అన్నాను. నేనింకా ఓపిగ్గానే ఉన్నాను.

"ప్రశ్న ఎలా మారుస్తాం మేడమ్? ఆ షాటు పోయిన నెలే సెట్టులో తీసేశాం. హీరోగారు గాల్లో ఎగిరొచ్చి పదిహేడు కింద సుద్దతో గీత గీస్తారు. దానికి క్రేను పెట్టాం!"

"మరి తప్పు కదయ్యా!"

"థియేటర్లో కూర్చుని లెక్క చేసేదెవరు మేడమ్?"

నాకు కావాల్సింది నా గది, నా రెండు పీరియడ్లు. సినిమా అంటేనే అబద్ధం, గాల్లో ఎగిరే మాస్టారు ఉండగా ఒక్క అంకె దగ్గర పట్టుబట్టడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ఆయనకు వాచీల రిపేరు కొట్టుంది. ఆ కొట్లో గడియారాలకంటే హీరో ఫోటోలే ఎక్కువ. వచ్చి నా కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పెళ్ళిలో కూడా అంత భక్తిగా పట్టుకోలేదు.

"ఇవాళ్టినుంచి అంట్లు నేను తోముతా" అన్నాడు.

"ఇన్నేళ్ళూ తోమింది ఈ చెయ్యే కదండీ."

"అప్పుడది నీ చెయ్యి. ఇప్పుడు హీరో చెయ్యి."

ఆ రెండు రోజులూ నా కుడిచేతికి రాజభోగం నడిచింది. కూర తరగనివ్వలేదు, బట్టలు పిండనివ్వలేదు, పడుకునేముందు ఏదో నూనె కూడా రాశాడు. మిగతా ఒంటితో ఏ పనైనా చేయించుకోవచ్చట, దానికి అభ్యంతరం లేదట. మంగళవారం నేను ఎడమచేత్తో ఇల్లు ఊడ్చాను.

బుధవారం స్టాఫ్ రూము హీరోగారి విశ్రాంతికి ఇచ్చేశారు. మేమందరం ఆటసామాన్ల గదిలో పడ్డాం. సైన్సు మాస్టారు ఫుట్‌బాలు మీద కూర్చుని, అది దొర్లకుండా కాళ్ళతో బిగబట్టుకుని వాదన మొదలుపెట్టాడు.

"మనం రిటైరయ్యేదాకా తీసుకునే జీతాలన్నీ కలిపినా ఆయన ఒక్క సినిమాకు తీసుకునేదానికి సరిపోవు. ఏం చేస్తున్నాడని ఇదంతా?"

"ఆయన్ని చూడ్డానికి జనం టికెట్టు కొంటారు సార్. మిమ్మల్ని చూడాల్సి వస్తుందని పిల్లలు జ్వరం తెచ్చుకుంటారు" అన్నాడు పీటీ మాస్టారు.

"ఆయనకు అక్షరాలు నేర్పింది ఒక టీచరే కదయ్యా!"

"ఆ టీచరు సరిగ్గా నేర్పలేదనేగా ఇప్పుడు మేడమ్ గారి చెయ్యి అద్దెకు తీసుకుంది!"

సైన్సు మాస్టారు కోపంగా లేవబోయి బంతి మీంచి జారాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఇంతలో సినిమా వాళ్ళ మేనేజరు తలుపు దగ్గరికొచ్చి "చెయ్యి రెడీయా?" అని అరిచాడు. పిలిచింది నన్ను కాదు, చేతిని.

బయట ఎండగా ఉంది. ఒక మనిషి గొడుగు పట్టాడు, నాకు కాదు, చేతికి. చెయ్యి చాపుకుని గొడుగు కింద అది, ఎండలో నేను, ఇద్దరం ఆవరణ దాటాం. గదిలో మెత్త వేసిన కుర్చీ ఒకటి పెట్టి ఉంది. కూర్చోబోయాను.

"అయ్యో, అది చేతికి మేడమ్" అన్నాడు మేకప్ మనిషి.

"మరి నాకు?"

"మీరు సీన్లో లేరు కదా."

కుర్చీలో చెయ్యి పడుకుంది. కుర్చీ పక్కన నేను వంగి నిలబడ్డాను. చేతికి ఒక చిన్న ఫ్యాను పెట్టారు. మేకప్ మనిషి ఒక్కో వెంట్రుకా జిగురులో ముంచి అతికిస్తుంటే, ఆ చెయ్యి నిమిష నిమిషానికీ మా పెదనాన్న చెయ్యిలా తయారవుతోంది. పైన ఇంత లావు వాచీ తగిలించారు. మేనేజరు వచ్చి ఒక కవరు నా ఎడమచేతికి అందించి, "చెయ్యిగారి పారితోషికం" అన్నాడు. తెరిచి చూశాను. నేను నెలంతా గొంతు చించుకుంటే వచ్చేదానికంటే ఎక్కువే ఉంది. సొంత చేతిని చూసి అసూయపడడం నా జీవితంలో అదే మొదలు.

పిల్లల్ని కూర్చోబెట్టారు. ఒక పెద్ద లైటు స్టాండు తెచ్చి సరిగ్గా గోడ ముందు నిలబెట్టారు. అక్కణ్ణుంచి చూస్తే ఆ పిల్లకు బోర్డు ఒక ముక్క కనబడుతుంది తప్ప హీరో కనబడడు. పాపం, ఇంత దూరం వచ్చిన హీరోని కూడా చూడలేదే అనుకున్నాను. అది మాత్రం ఏమీ అనలేదు. అంటే గోడ ఎందుకవుతుంది!

హీరోగారు వచ్చాడు. క్లాసు మొత్తం నోరు వెళ్ళబెట్టింది. నిజం చెప్పాలంటే నేనూ వెళ్ళబెట్టాను. మనిషి మెరిసిపోతున్నాడు. ఆయన కుడిచేతిని కట్టేశారు, నన్ను వెనక నిలబెట్టి నల్లగుడ్డ కప్పారు, నా చేతిని ఆయన కోటులోకి తోశారు. నా మొహం ఆయన వీపుకి అతుక్కుపోయింది. అత్తరు వాసనకు తుమ్ము వస్తోంది.

"టీచర్ గారూ" అని ఆయన పక్కకు తిరగకుండా గుసగుసలాడాడు. "భయంగా ఉందండీ."

"మీకా?"

"పిల్లలు నన్నే చూస్తున్నారు."

"చూడ్డానికేగా బాబూ మీరుంది."

"అది కాదు. భయం ఈ బోర్డంటే. చిన్నప్పుడు లెక్క రాక క్లాసంతా నవ్వేదాకా బోర్డు దగ్గరే నిలబడ్డాను. మర్నాటినుంచి బడి మానేశా. అట్నుంచి అటే సినిమాల్లోకి పోయా."

"ఈ సంగతి మా పిల్లలకు మాత్రం చెప్పకండి. లెక్కలు రాకపోతే హీరో అయిపోవచ్చనుకుంటారు" అన్నాను. ఆయన వీపు నవ్వింది. నా ముక్కుకు తెలిసింది.

"యాక్షన్!" అన్నాడు డైరెక్టరు.

హీరో గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఇందాక గుసగుసలాడినవాడు ఈయనేనా అనిపించింది. "ఒక సంఖ్య! మూడుతో గుణిస్తే పెరిగింది! ఏడు తీసేస్తే తగ్గింది!" అంటున్నాడు. నా చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. పదిహేడుకు ఏడు కలిపింది, ఇరవై నాలుగు రాసింది. అంతవరకూ ఒప్పే.

"తీసేసినవాటి గురించి ఏడవకు, మిగిలిందేదో చూసుకో! నా లెక్కలో మిగిలేది ఎప్పుడూ ఒక్కటే అంకె!"

నల్లగుడ్డ లోపల కళ్ళు మూసుకుని తొమ్మిది వేశాను.

అప్పుడు వినబడింది. బల్ల మీద గుద్దుడు. పోలీసు తలుపు కొట్టినట్టు లేదు. కవలలది కాదు. చిన్నది, తడబడింది, రెండు చేతులూ ఒకేసారి పడలేదు, ఒకటి ముందు పడి ఒకటి వెనక పడింది. ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

"దొరికింది" అంది ఒక సన్నటి గొంతు.

ఇక నేను ఆగలేకపోయాను. షాటు లేదు, సినిమా లేదు, ఎవరు గుద్దారో నా కళ్ళతో చూడాలి. నల్లగుడ్డ లాగేసి ఒక్క ఉదుటున బయటికొచ్చాను. చెయ్యి ఇంకా ఆయన కోటులోనే ఉందన్న సంగతి మరిచిపోయాను. కోటు చంక దగ్గర పర్రున చిరిగింది, హీరోగారు గిర్రున తిరిగి నాకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన భుజం మీంచి చూశాను. గోడ! రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

మిగతా పిల్లలు అప్పటిదాకా హీరోనే చూస్తున్నారు. ఒక్కరూ బోర్డు చూడలేదు. హీరో కనబడక బోర్డునే చూస్తూ కూర్చున్నది అదొక్కతే. ఇప్పుడు అందరూ బోర్డు వంక తిరిగారు. క్లాసు లీడరు గుద్దాడు, కవలలు గుద్దారు, ఇక గది మొత్తం దడదడలాడింది. సైన్సు మాస్టారు అలవాటు కొద్దీ తిడదామని తలుపు తోసుకుని వచ్చి, హీరోని చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

"కట్! కట్! ఏంటిది?" అని డైరెక్టరు నెత్తి పట్టుకున్నాడు. నా పద్ధతి చెప్పాను. ఆయన కాస్త స్థిమితపడ్డాడు.

"సరే మేడమ్, ఇంకో టేకు చేద్దాం. ఈసారి తొమ్మిదే కరెక్టని పిల్లలకు చెప్పేయండి."

"ఏమని చెప్పాలి?"

"తొమ్మిదే కరెక్టని. ముఖ్యంగా ఆ మూలనున్న పాపకు. మీరు చెబితే వింటారు."

నేను చెబితే వింటారు. నిజమే, అదే నా భయం. ఏడాది పాటు గాల్లో ఆగిపోయిన ఆ చేతులు ఇవాళే మొదటిసారి కిందికి పడ్డాయి. ఒప్పే పట్టుకున్నాయి. ఇప్పుడు నేను 'నీదే తప్పమ్మా, ఆయన హీరో కదా' అంటే ఆ చేతులు ఇక ఈ జన్మలో లేవవు. గోడ నన్నే చూస్తోంది. నాకు దుఃఖం వచ్చింది, దుఃఖం వెనకే కోపమూ వచ్చింది, కోపమే ముందు బయటికొచ్చింది.

"నేను చెయ్యి అద్దెకిచ్చాను బాబూ. నోరు ఇవ్వలేదు."

"అలా అయితే సాయంత్రం దాకా తీస్తూనే ఉంటాం. మీ రెండు పీరియడ్లూ పోతాయి, తర్వాత మీ ఇష్టం."

"తీయండి. ఎన్నిసార్లు తీస్తే అన్నిసార్లు గుద్దుతారు. కావాలంటే నేనూ గుద్దుతా!" అన్నాను. వెంట్రుకల చెయ్యి ఆయన మొహం ముందు ఆడిస్తూ అనడంతో మాటకు కాస్త బరువు కూడా వచ్చినట్టుంది.

"ఒక్క నిమిషం" అన్నాడు హీరోగారు. లైటు స్టాండు పక్కకు జరిపించి గోడ వంక చూశాడు. "ఏం తప్పమ్మా అక్కడ?"

ఆ పిల్ల బల్లకు చెబుతున్నట్టు చెప్పింది. "తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. ఏడు తీసేస్తే ఇరవై. పదిహేడు రాదు."

హీరోగారు ఇరవై ఏడులోంచి ఏడు తీసేయడం మొదలుపెట్టాడు. ఎడమచేతి వేళ్ళు అయిదూ ముడిచాడు. అయిపోయాయి. కుడిచెయ్యి చూస్తే కోటు లోపల కట్టేసి ఉంది. అటూ ఇటూ చూసి, చిరిగిన కోటులోంచి వేలాడుతున్న నా చేతివేళ్ళు రెండు ముడిచాడు. అనుమానం తీరక మళ్ళీ మొదటినుంచీ చేశాడు.

"ఇరవయ్యే వస్తోందండీ" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ అంకెల గురువుతో.

"బాబూ, అంకెల లెక్క వేరు, లెక్కల లెక్క వేరు" అన్నాడు గురువు.

హీరోగారు ముడిచిన వేళ్ళు విప్పాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "టీచర్ గారూ, నాది తప్పని ఎవరైనా నాతో చెప్పి పాతికేళ్ళయింది. పోయిన సినిమాలో పాట పాడితే అద్భుతమన్నారు. నాకు పాడ్డం రాదండీ. నాకే తెలుసు." ఇంత డబ్బూ ఇంత పేరూ ఉన్న మనిషి మీద నాకు జాలి కలుగుతుందని కల్లో కూడా అనుకోలేదు. కలిగింది.

"తప్పు పట్టుకున్నవాళ్ళు వచ్చి ఏదో చెయ్యాలన్నారే, రమ్మనండి" అన్నాడు.

గోడ లేచింది. బెంచీల మధ్యలోంచి నడిచొచ్చింది. హీరో వంక చూడలేదు, నా వంకా చూడలేదు. వెంట్రుకల చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది. లాక్కోవడమంటే లాక్కోవడమే, అతికించిన వెంట్రుకలు రెండు దాని వేళ్ళకు అంటుకొచ్చాయి. తొమ్మిది చెరిపి ఎనిమిది రాసింది. డైరెక్టరు కట్ అన్నా ఆ గోలలో కెమెరా ఎవరూ ఆపలేదు కాబట్టి అదీ తీసుకుంటూనే ఉంది. హీరోగారు ఆ పిల్లకు చెయ్యి కలపబోయి, కలపడానికి లేక, నా చెయ్యి పట్టుకుని దాని చేతికి అందించాడు. డైరెక్టరు ఎగిరి గంతేశాడు. "అదిరింది! ఇదే సీను! సర్దేయండి!" అంకెల గురువు మాత్రం నిర్మాత ఫోను నంబరు అడుగుతూ బయటికి పోయాడు.

భోజనం గంటకల్లా నా గది నాకొచ్చింది. జిగురు ఊడక, వెంట్రుకల చేత్తోనే రెండు పీరియడ్లూ పాఠం చెప్పాను. గోడ ఇంకో రెండుసార్లు గుద్దింది. ఒకటి అసలు తప్పే కాదు. అయినా సుద్దముక్క ఇచ్చాను. శుక్రవారం దాని పేపరులో ఒక్క కొట్టివేత కూడా లేదు. ఆ పేపరు చూసి ఇంట్లో ఏడ్చాను, మా ఆయన చేతికేమైనా అయిందేమోనని కంగారుపడ్డాడు.

సినిమా మరుసటి ఏడాది వచ్చింది. మా ఆయన పొద్దుటాటకే టికెట్లు తెచ్చాడు. నా పాత ఏడో తరగతి పిల్లలు కూడా తమ సీను చూసుకోవడానికి మందగా వచ్చి పక్క వరసలో కూర్చున్నారు. గోడ అక్కడ కూడా గోడవారగా ఉన్న సీటే ఎంచుకుంది. తెర మీద హీరో గాల్లో ఎగిరొచ్చాడు, హాలంతా ఈలలు. కోటు చేతిలోంచి వెంట్రుకల చెయ్యి వచ్చింది. "అది మా ఆవిడ చెయ్యి!" అని మా ఆయన లేచి నిలబడి నలుదిక్కులా చాటాడు. వెనకవాళ్ళు కూర్చోబెట్టారు.

చెయ్యి తొమ్మిది వేసింది. గుద్దుడు కోసం చూశాను. రాలేదు. హీరో నవ్వాడు, మా పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు ఎక్కణ్ణుంచి తెచ్చి అతికించారో తెలియదు. గోడ నడిచి రావడం లేదు, చెరపడం లేదు, ఎనిమిది లేదు. గుద్దుడుకు ముందు తీసినంతవరకే వాడుకున్నారు. ఇంత పెద్ద తెర మీద, ఇంత పెద్ద తొమ్మిది! జనం దాన్ని చూసి ఈలలు వేస్తున్నారు. గురువు గెలిచాడు. నాకు లేచి వెళ్ళిపోదామనిపించింది.

అప్పుడు చీకట్లో, గోడ పక్కనుంచి, ముందు సీటు వీపు మీద గుద్దుడు. ఈసారి తడబాటు లేదు. రెండు చేతులూ ఒక్కసారే పడ్డాయి.

"దొరికింది!"

వెంటనే పోలీసు తలుపు కొట్టాడు. కవలలు గుద్దారు. పాత ఏడో తరగతి మొత్తం గుద్దింది. హాల్లో జనానికి సంగతేమిటో తెలియదు. ఇదేదో అభిమానుల కొత్త రకం చప్పట్లు కాబోలనుకుని వాళ్ళూ సీట్లు గుద్దుతూ "దొరికింది! దొరికింది!" అని అరిచారు. టార్చిలైటు మనిషి పరిగెత్తుకొచ్చి దొంగెక్కడ అని అడిగాడు.

"ఏం దొరికిందే?" అన్నాడు మా ఆయన.

"మీ హీరో తప్పు."

ఆయన తెర వంక చూశాడు. రోజంతా అంకెలతో బతికే మనిషి కాబట్టి లెక్క తొందరగానే తేలింది. మొహం వాడిపోయింది. తెర మీద హీరో ఇంకా తొమ్మిది పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. మా ఆయన కాసేపు అలాగే చూసి, రెండు చేతులూ పైకెత్తి ముందు సీటు మీద గట్టిగా గుద్దాడు.

ఇంటికొచ్చి, సింకులో పొద్దుటి గిన్నెలుంటే చీర కొంగు దోపి చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపి తాను నిలబడ్డాడు.

"షూటింగు ఎప్పుడో అయిపోయింది కదండీ" అన్నాను.

"రేపు బడి ఉందిగా" అన్నాడు.